వేలిముద్ర సరిపోలలేదు

తుమ్మకుర్రు సచివాలయంలో
మూడో కుర్చీ నాది.
రెండుసార్లు రంగు మారిన గోడ కింద
ఒక కంప్యూటరు, ఒక వేలిముద్రల మిషను,
దాన్ని తుడవడానికి నా పాత చున్నీ ముక్క.

రాహేలమ్మ వచ్చింది.
ఈ నెలలో నాలుగోసారి.
కుడి బొటనవేలు పెట్టింది. ఎర్ర లైటు.
ఎడమది. ఎర్ర లైటు.
చూపుడువేలు కొంగుకు రుద్ది, నోటి ఆవిరి ఊది,
బైబిలు మీద పెట్టినట్టు పెట్టింది.
సరిపోలలేదు, అంది తెర.

"ఎట్టా సరిపోద్దమ్మా," అంది తనే,
"పద్నాలుగు నెలలు గుంటూర్లో మిరక్కాయల తొడాలు తీశా.
ఇప్పటికీ సీజనొస్తే ఆటో ఎక్కుతా.
గీతలన్నీ యార్డులోనే రాలిపోయినై."

నాకు తెలుసు ఆ పద్నాలుగు నెలలు.
పల్లె మీదికి మా ఊరు వెళ్లిన రాత్రి
నాకు తెల్లారితే డిగ్రీ పరీక్ష.
మా నాన్న లోపలికొచ్చి, గడియ పెట్టి,
చేతులు రెండుసార్లు కడుక్కున్నాడు.
నేను తల ఎత్తలేదు,
చదివిన పేజీనే మళ్లీ చదివాను.
పొద్దున బస్సులోంచి చూస్తే
నలభై ఒక్క ఇళ్లకు కప్పు లేదు.
కుక్కలున్నాయి.

తర్వాత రాజీ.
బడి ఆవరణలో షామియానా,
పోలీసాయన, రెవెన్యూ ఆయన, కూల్‌డ్రింకులు.
రెండు పక్షాల పెద్దలూ కౌగిలించుకున్నారు.
ఫొటో సరిగా రాలేదంటే
మళ్లీ కౌగిలించుకున్నారు.
పల్లెవాళ్లు ఒక్కొక్కరే లేచి
నీలం ఇంకులో వేలు అద్ది
కాగితం మీద ఒత్తారు:
ఇకపై మాకు ఎవరిమీదా ఫిర్యాదు లేదు.
ఆ రోజు
సరిపోలని వేలు
ఒక్కటీ లేదు.

ఆ కాగితం రెండో పేజీ నా బీరువాలో ఉంది.
ప్రభుత్వం వారు చేయవలసినవి, అని మొదలవుతుంది.
ఇళ్లు. కుళాయి. అంగన్‌వాడీ.
కాలిన పట్టాలకు నకళ్లు.
కల్వర్టు దగ్గరే ఆగే రేషను బండి
కల్వర్టు దాటడం.
నష్టపరిహారం రూపాయలు, అన్నచోట
అంకె వేయడానికి వదిలిన జాగా
ఇంకా జాగాగానే ఉంది.
దాని కింద ఎవరి వేలిముద్రా లేదు.
రబ్బరు స్టాంపు ఉంది, అదీ తలకిందులుగా.

మండలం అంటుంది, ఇది జిల్లాది.
జిల్లా అంటుంది,
పాలన మీ గడప దగ్గరికే వచ్చిందిగా,
అక్కడే అడగండి.
గడపలు కాలినవాళ్లకు
ఆ మాట చెప్పాల్సింది మూడో కుర్చీ.

సోమవారం సోమవారం కలెక్టరేటుకు
రాహేలమ్మ పోసిన బస్సు చార్జీలు కలిపితే
కుళాయి కాకపోయినా
కుళాయి దాకా పైపు వచ్చేది.
గుంటూర్లో ఇచ్చిన అర్జీ
సాయంత్రానికి నా తెర మీదికే తిరిగొస్తుంది.
గడువు దాటితే నా పేరు ఎర్రగా మారుతుంది.
పక్కన ఒకటే మీట: పరిష్కరించబడినది.
ఆరుసార్లు నొక్కాను.
నా వేలు ప్రతిసారీ సరిపోలింది.

ఇవాళ ఆమె వెళ్లిపోలేదు.
బెంచీ మీద కూర్చుని
"మీ నాయనకి ఒంట్లో ఎట్టా ఉంది?" అంది.
మామూలుగానే అడిగింది.
మామూలుగా అడగడం
నేను తట్టుకోలేకపోయాను.

లేచి బీరువా తీశాను.
రెండో పేజీ ఉందని కూడా ఆమెకు తెలీదు.
వేలు ఒత్తించుకున్న రోజు
మొదటిదే చదివి వినిపించారట, అదీ సగం.
"చదువు," అంది.
చదివాను. ఇళ్లు అన్నప్పుడు తలూపింది.
బండి అన్నప్పుడు నవ్వింది.
ఏడో అర్జీ తెర మీద వెలుగుతూ ఉంది.
నష్టపరిహారం రూపాయలు, అని
ఆగిపోయాను.

"అక్కడ ఆగావేం?"
"అక్కడ ఏం రాయలేదమ్మా. ఖాళీ."

కాసేపు ఆ కాగితం వైపే చూసి,
గీతల్లేని వేలు సరిగ్గా ఆ జాగాలో పెట్టి
"అది కూడా చదువు," అంది,
"గట్టిగా."